చమురు ఆధారిత డ్రిల్లింగ్ ద్రవం: వాడకం, శుద్ధి, పునర్వినియోగం

చమురు, సహజవాయువుల కోసం బావి తవ్వేటప్పుడు వెలువడే వ్యర్థాలలో అత్యంత జాగ్రత్తగా నిర్వహించవలసినది చమురు ఆధారిత డ్రిల్లింగ్ ద్రవం. రిగ్గులపై పనిచేసేవారు దీనిని ‘మడ్’ అని పిలుస్తారు. ఒక బావిలో వాడిన మడ్‌ను శుద్ధి చేసి మరొక బావికి తిరిగి వాడుకోవచ్చు. శుద్ధి సక్రమంగా జరగకపోతే అదే ద్రవం పొలాలకు, చెరువులకు, భూగర్భజలాలకు ముప్పుగా మారుతుంది.

సూరత్ నగరంలోని డిండోలి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పరిశ్రమ రెండు దిక్కులా పొరుగునే ఉంది. నగరానికి పశ్చిమాన హజీరాలో ఓఎన్‌జీసీ సహజవాయు శుద్ధి కర్మాగారం పనిచేస్తోంది. ఉత్తరాన భరూచ్ జిల్లాలోని అంకలేశ్వర్‌లో 1960లో చమురు బయటపడింది. అటు తెలుగు నేలపై కృష్ణా-గోదావరి బేసిన్‌లో కోనసీమ వరిచేల మధ్య నుంచి కాకినాడ తీరానికి ఆవల లోతు సముద్రం వరకు బావులు విస్తరించాయి.

మడ్ చేసే పని

పంపుల ఒత్తిడితో మడ్ డ్రిల్లింగ్ గొట్టాల గుండా కిందికి దిగి, బిట్ రంధ్రాల నుంచి వెలువడి, గొట్టానికీ బావి గోడకూ మధ్యనున్న ఖాళీ గుండా పైకి వస్తుంది. వస్తూ వస్తూ బిట్ నలగగొట్టిన రాతి ముక్కలను వెంట తెస్తుంది. బిట్‌ను చల్లబరుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, తన బరువుతో భూగర్భంలోని వాయువు పైకి తన్నుకురాకుండా ఆపుతుంది. బావిలో పీడనం అదుపు తప్పితే పరిణామం ఎంత తీవ్రంగా ఉంటుందో 1995 జనవరిలో పాశర్లపూడి చూపింది. అక్కడి బావి నుంచి ఎగసిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు.

మడ్‌కు బరువునిచ్చేది బెరైటీస్ అనే ముగ్గురాయి పొడి. ఇది నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువైన ఖనిజం. రైల్వే కోడూరు సమీపంలోని మంగంపేట నిక్షేపం ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాలలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ తవ్వకాలు సాగిస్తోంది.

సాధారణంగా నీటి ఆధారిత మడ్ సరిపోతుంది. అయితే నీరు తగిలితే ఉబ్బి విరిగిపడే షేల్ పొరలు, అధిక ఉష్ణోగ్రత గల లోతైన పొరలు, ఏటవాలు బావులు ఎదురైనప్పుడు చమురు లేదా కృత్రిమ ద్రవం ఆధారంగా తయారైన మడ్ అవసరమవుతుంది. గుజరాత్ రాష్ట్ర పెట్రోలియం కార్పొరేషన్ 2005లో కాకినాడ తీరానికి ఆవల కనుగొన్న దీన్ దయాళ్ క్షేత్రం ఇటువంటి అధిక పీడన, అధిక ఉష్ణోగ్రత పొరలకు ఉదాహరణ. చమురు మడ్‌లో చమురు, నీరు సాధారణంగా 70:30 నుంచి 90:10 నిష్పత్తిలో ఉంటాయి. కాల్షియం క్లోరైడ్ కలిపిన ఆ నీటి బిందువులు చమురులో విడివిడిగా నిలిచి ఉండేందుకు ఎమల్సిఫయర్, సున్నం కలుపుతారు.

శుద్ధి దశలు

పునర్వినియోగం రిగ్గుపైనే మొదలవుతుంది. పైకి వచ్చిన మడ్ మొదట షేల్ షేకర్ అనే కంపించే జల్లెడపై పడుతుంది. ద్రవం కిందికి దిగి ట్యాంకులో చేరుతుంది, రాతి ముక్కలు పైన మిగులుతాయి. ఆ ముక్కలను అంటుకుని వాటి బరువులో పది శాతానికి మించిన చమురు ఉండవచ్చు. వేగంగా తిరిగే కటింగ్స్ డ్రయర్‌లో వాటిని పిండితే చమురు సుమారు అయిదు శాతానికి తగ్గుతుంది, రాబట్టిన ద్రవం తిరిగి మడ్‌లో కలుస్తుంది.

తరువాతి దశ సెంట్రిఫ్యూజ్. రెండు యంత్రాలను వరుసగా నడిపే చోట మొదటిది తక్కువ వేగంతో విలువైన బెరైటీస్‌ను వేరుచేసి మడ్‌కు తిరిగి అందిస్తుంది. రెండవది అధిక వేగంతో సన్నని రాతి పొడిని తొలగిస్తుంది. ఆ తరువాత ప్రయోగశాలలో సాంద్రత, చిక్కదనం, చమురు-నీటి నిష్పత్తి, ఎమల్షన్ స్థిరత్వం పరీక్షించి, లోపించినవి కలుపుతారు. బావి పూర్తయ్యాక మిగిలిన మడ్ తీరంలోని నిల్వ కేంద్రానికి చేరుతుంది. ఈ ద్రవం ఖరీదైనది కనుక సరఫరా సంస్థలు దీనిని అద్దెకిచ్చి, తిరిగి తీసుకునే పద్ధతి ప్రపంచమంతటా ఉంది.

అయితే ఈ పునర్వినియోగానికి హద్దు ఉంది. కొన్ని మైక్రాన్ల పరిమాణంలో నలిగిపోయిన రాతి పొడి ఏ సెంట్రిఫ్యూజ్‌కూ సులభంగా చిక్కదు. వాడిన కొద్దీ అది పేరుకుని మడ్‌ను చిక్కబరుస్తుంది. కొత్త చమురు కలిపి పలుచన చేస్తే ద్రవం పరిమాణం పెరుగుతుంది, సమస్య వాయిదా పడుతుంది. చివరకు పనికిరాని మడ్‌ను, చమురు అంటిన ముక్కలను ఉష్ణ శుద్ధికి పంపాలి. గాలి సోకని గదిలో వేడిచేసినప్పుడు చమురు, నీరు ఆవిరై విడిపోతాయి. వాటిని చల్లార్చి, చమురును తిరిగి మడ్ తయారీకి వాడతారు. మిగిలిన పొడిలో చమురు ఒక శాతం లోపుకు తగ్గుతుంది.

చట్టం గీసిన గీత

ఆ ఒక శాతానికి ప్రాధాన్యం ఉంది. భారత ప్రభుత్వం 2005లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, చమురు మడ్ నుంచి వేరుచేసిన ముక్కలలో కిలోకు 10 గ్రాముల లోపు చమురు ఉంటేనే గుంతలో వేయవచ్చు. డీజిల్‌తో మడ్ తయారీ నిషిద్ధం. వాడే చమురులో ఆరోమాటిక్ పదార్థాలు ఒక శాతానికి లోపే ఉండాలి. చమురు మడ్‌ను సముద్రంలోకి వదలరాదు. ఉత్తర సముద్రంలో కూడా 2000లో ఓస్పార్ ఒప్పంద దేశాలు ముక్కల విషయంలో ఇదే ఒక శాతం పరిమితిని నిర్ణయించాయి.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు చమురు కలిసిన మడ్‌ను, నీటి ఆధారిత మడ్ నుంచి వచ్చినవి మినహా తక్కిన రాతి ముక్కలను ప్రమాదకర వ్యర్థాలుగా పేర్కొన్నాయి. వీటిని సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు. అనుమతి ఉన్న కేంద్రానికే పంపాలి. వ్యర్థం బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటు వరకు ‘మ్యానిఫెస్ట్’ అనే పత్రం వెంట నడవాలి.

ఈ పత్రం ఎందుకు అవసరమో సూరత్ వాసులకు విడమరచి చెప్పనక్కరలేదు. 2022 జనవరి 6న డిండోలికి దక్షిణంగా ఉన్న సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాన్ని అక్రమంగా కాలువలోకి వదిలారు. వెలువడిన విషవాయువుకు వస్త్ర కర్మాగార కార్మికులు ఆరుగురు బలయ్యారు, ఇరవై మందికి పైగా అస్వస్థులయ్యారు. అది డ్రిల్లింగ్ వ్యర్థం కాదు. కానీ శుద్ధి ఖర్చు తప్పించుకునేందుకు ఏ వ్యర్థమైనా ట్యాంకర్ ఎక్కి దారి తప్పగలదని, ఆ ఖర్చును చివరకు భరించేది పక్కన పనిచేసేవారేనని ఆ ఘటన రుజువు చేసింది.

గోదావరి మండలంలో ముప్పు రూపం వేరు. అక్కడ భూగర్భజలం నేలకు దగ్గరగా ఉంటుంది. పంట కాలువలు, చేపల చెరువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. గుంత అడుగున పరచిన ప్లాస్టిక్ పొర చిరిగినా, వానకు గుంత పొంగినా చమురు, ఉప్పు పొలాలలోకి చేరతాయి. ఉప్పు చేరిన నేల తిరిగి పంటకు రావడానికి కాలం పడుతుంది.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అన్వేషక డ్రిల్లింగ్ ప్రాజెక్టులను బీ2 విభాగంలోకి మార్చింది. ఈ విభాగానికి ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. అందువల్ల కొత్త అన్వేషణ బావి పక్కనున్న గ్రామానికి మాట్లాడే అవకాశం బావికి ముందు తగ్గింది. తవ్వకం మొదలయ్యాక మడ్ ఎంత వచ్చింది, ఎంత తిరిగి వాడారు, ఎంత ఎక్కడికి పంపారు అన్న లెక్కలే ఆ గ్రామానికి మిగిలిన ఆధారం. ఆ లెక్కలను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి సమర్పించవలసిన బాధ్యత వ్యర్థాన్ని సృష్టించిన సంస్థదే. వాటిని సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా కోరవచ్చు.