పెదవి తగలని పద్యం

చిత్రకవిత్వమనగానే పెదవి విరిచేవారు మనలో ఎందరో ఉన్నారు. వారికి పెద్దల అండ కూడా ఉంది. 9వ శతాబ్దిలోనే ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో దానికి కవిత్వపు గౌరవం నిరాకరించాడు. తెలుగు పండితుడిగా నేనూ చాలాకాలం ఆ పక్షమే.

అయితే ఈ అక్షరాల ఆటకు వంశం పెద్దది. దండి ‘కావ్యాదర్శం’ మూడవ పరిచ్ఛేదంలో స్వర, స్థాన, వర్ణ నియమాలతో చేసే దుష్కర రచనలను వివరించాడు. ఆయన పేరనే ప్రసిద్ధమైన ‘దశకుమారచరితం’లో మంత్రగుప్తుని పెదవి ప్రియురాలి పంటిగాటుకు నొచ్చింది. అందుచేత అతడు తన కథనంతా ఓష్ఠ్యాక్షరాలు లేకుండా చెబుతాడు. నియమానికి కథలోనే కారణం దొరికిందన్నమాట!

తెలుగులో 16వ శతాబ్దికి చెందిన మరింగంటి సింగరాచార్యులు రామకథనే నిరోష్ఠ్యంగా చెప్పాడు. ‘రామ’ శబ్దంలో మకారముంది. మరి నాయకుణ్ణి పిలవడమెట్లా? కావ్యం పేరు చూడండి: ‘దశరథరాజనందన చరిత్ర’. ఎక్కడా పెదవులు తగలవు. భరతుడికీ లక్ష్మణుడికీ హనుమంతుడికీ ఇదే చిక్కు. సీత, కైక మాత్రం నిరాటంకంగా రావచ్చు. వ్యాకరణం ప్రకారం ఉకారాన్నీ ఓష్ఠ్యంగా లెక్కిస్తే తెలుగు కవి కష్టం రెట్టింపు. డు, ము, వు, లు అనే ప్రథమావిభక్తి ప్రత్యయాలన్నీ నిషిద్ధాలే!

అవధానంలోని నిషిద్ధాక్షరి కూడా ఈ కుటుంబంలోదే. అవధాని ఒక్కొక్క అక్షరమే చెబుతూంటే, రాబోయేదాన్ని ఊహించి పృచ్ఛకుడు అడ్డుకుంటాడు. అనుకున్న మాట పోయి, అనుకోని మాట రావాలి.

ఏళ్ల తరబడి నేను గణవిభజన నేర్పాను, గురులఘువులకు మార్కులు వేశాను. ఒక్కరిచేతా ఒక్క పాదమైనా రాయించలేదు. ఉద్యోగంలో చివరి ఏడాది, ఒక మధ్యాహ్నం, తొమ్మిదో తరగతికి పందెం పెట్టాను: పెదవులు తగలకుండా అమ్మను గురించి ఒక్క వాక్యం చెప్పాలి. ‘నాన్న’ అనవచ్చు, ‘అమ్మ’ అనకూడదు. నవ్వుల నడుమ వెనుక బెంచీ పిల్లవాడొకడు లేచాడు.

“అందరికీ ఇచ్చి, తన ఆకలిని దాచింది.”

తరగతి నిశ్శబ్దమైంది. ‘అమ్మ’ అనే మాట చేతిలో ఉంటే ఆ అబ్బాయి ‘అమ్మ దేవత’ అని కూర్చునేవాడు. ఆ మాటను లాగేసుకున్నాకనే వాడికి ఇల్లు గుర్తుకొచ్చింది.

ఆటను చులకన చేసి ఇన్నేళ్లూ లెక్కలు నేర్పానని ఆ పూట నాకు తెలిసింది. మీ ఇంటి పిల్లలతో ఒకసారి ఈ పందెం వేసి చూడండి.