విశ్వదూరములను తెలిపిన వేడి వాయువు

ఆకాశమున కనబడు వస్తువు ఎంత దూరమున నున్నదో తెలిసికొనుట ఖగోళశాస్త్రమున మిక్కిలి కఠినమైన సమస్య. దూరమైన గెలాక్సీలు అంతకంతకు ఎక్కువ వేగముతో మననుండి తొలగిపోవుచున్నవని 1929 లో ఎడ్విన్ హబుల్ చూపెను. వేగమును దూరముచే భాగించగా వచ్చు సంఖ్యకు హబుల్ స్థిరాంకమని పేరు. ఆయన గణనలో అది మెగాపార్సెక్కునకు, అనగా దాదాపు 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరముల దూరమునకు, సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు.

ఈ లెక్కను బట్టి విశ్వము వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరములే. కాని శిలల రేడియోధార్మికతను బట్టి భూమి వయస్సే అంతకంటె ఎక్కువగా తేలెను. తల్లికంటె బిడ్డ పెద్దదగుట ఎట్లు? పొరపాటు దూరములలోనే యుండెను. దగ్గరి తారలతో దూరపు తారలను, వానితో గెలాక్సీలను కొలుచు పద్ధతి నిచ్చెన వంటిది. క్రింది మెట్టు కదలినచో పై మెట్లన్నియు కదలును. సెఫీడు తారలు రెండు రకములని 1952 లో వాల్టర్ బాడే తెలుపగా గెలాక్సీల దూరములు సుమారు రెట్టింపయ్యెను. 1970, 80 దశకములలో సైతము కొందరు స్థిరాంకము 50 అనియు, కొందరు 100 అనియు వాదించుచుండిరి. నిచ్చెనతో పనిలేని కొలత యొకటి కావలసివచ్చెను.

అది ఎక్స్-కిరణములనుండి లభించెను. భూమి వాతావరణము ఈ కిరణములను అడ్డగించును గనుక వానిని పైనుండియే చూడవలెను. 1970 డిసెంబరు 12 న, కెన్యా స్వాతంత్ర్య దినమున, ఆ దేశపు తీరమునొద్ద సముద్రములోని వేదికనుండి ఒక ఉపగ్రహము ఎగసెను. స్వాహిలీ భాషలో స్వేచ్ఛ యను అర్థము గల ‘ఉహురు’ అను పేరు దాని కీయబడినది. గెలాక్సీ గుచ్ఛములు విశాలమైన ఎక్స్-కిరణ స్థానములని అది చూపెను. గెలాక్సీల నడుమ కోట్ల డిగ్రీల వేడి గల పలుచని వాయువు నిండియుండుటయే దీనికి కారణము.

ఇంచుమించు ఆ కాలముననే సోవియట్ శాస్త్రజ్ఞులు రషీద్ సున్యాయెవ్, యాకోవ్ జెల్డోవిచ్ మరియొక విషయము చెప్పిరి. విశ్వమంతట వ్యాపించిన సూక్ష్మతరంగ వికిరణము ఈ వాయువుగుండా వచ్చునపుడు ఎలక్ట్రానులచే చెదరును. అందుచే దీర్ఘ తరంగములలో గుచ్ఛము వైపు ఆ వికిరణము కొద్దిగా తగ్గి కనబడును.

ఈ రెండు గుర్తులను కలిపి చూచుటలోనే కీలకమున్నది. వాయువు సాంద్రత రెట్టింపైనచో ఎక్స్-కిరణ కాంతి నాలుగు రెట్లగును. వికిరణపు తగ్గుదల రెండు రెట్లే యగును. లోతు పెరిగినచో రెండును అదే నిష్పత్తిలో పెరుగును. ఒకే ఉష్ణోగ్రత గల రెండు గుచ్ఛములను తీసికొందము. రెండవ దాని సాంద్రత రెట్టింపు, లోతు నాలుగవ వంతు అనుకొనుడు. ఎక్స్-కిరణములలో రెండును సమానముగా ప్రకాశించును. కాని రెండవ దానిలో తగ్గుదల సగమే యుండును. కనుక రెండు కొలతలును ఉన్నచో గుచ్ఛము లోతు తెలియును. ఉష్ణోగ్రతను ఎక్స్-కిరణ వర్ణపటమే తెలుపును. గుచ్ఛము గుండ్రనిదైనచో లోతెంతయో వెడల్పు అంతే. ఎత్తు తెలిసిన తాటిచెట్టు ఎంత కోణములో కనబడుచున్నదో చూచి దాని దూరము గుణించినట్లే, ఇక్కడను దూరము తేలును.

చంద్రశేఖర్ పేరిట 1999 లో ఎగసిన ‘చంద్ర’ దూరదర్శిని కొలతలను, రేడియో పరిశీలనలను జోడించి, మాసిమిలియానో బొనమెంటె బృందము 38 గుచ్ఛములను పరిశీలించెను. వాని దూరములు 140 కోట్లనుండి 930 కోట్ల కాంతి సంవత్సరముల వరకు గలవు. 2006 లో ప్రకటించిన స్థిరాంకము సుమారు 77. గుచ్ఛము మన చూపు దిశలో సాగియున్నచో దూరము ఎక్కువగా వచ్చును. పెక్కింటి సగటు తీసికొనుట అందులకే. అయినను ఫలితమున ఇరువైపుల 10 వరకు సందేహము మిగిలెను.

ప్లాంక్ ఉపగ్రహ ఫలితములు 2018 లో సుమారు 67 అనగా, సెఫీడు తారల పద్ధతి 2022 లో 73 అనెను. ఈ వివాదమును తీర్చగల సూక్ష్మత గుచ్ఛముల పద్ధతికి 2006 నాటి ఫలితములో లేకుండెను. కాని 50, 100 ల నడుమ ఊగిన సంఖ్య, తారల నిచ్చెన నెక్కని కొలతలో సైతము ఇంచుమించు అక్కడనే నిలుచుట చేత, ఆ నిచ్చెన మెట్లు ఇపుడు పెద్దగా కదలుట లేదని తేలినది.