చెవిలో చార్మినార్

సంక్రాంతి సెలవలకి విజయవాడ నుంచి మా వదిన, ఆవిడ ఇద్దరు కూతుళ్ళు వస్తున్నారు. ఈసారి పాతబస్తీ నడిచి చూస్తారట. గైడుని పెట్టుకుంటే అతని వేగం వదిన మోకాళ్ళకి పడదు, పిల్లలేమో గాజుల కొట్టు కనిపిస్తే కదలరు. అందుకని ఒక్కో చోటికి రెండు నిమిషాల చొప్పున నేనే ఫోన్లో రికార్డు చేసి ఇస్తున్నాను. ఎవరు ఎక్కడ ఆగితే అక్కడ నొక్కి వింటారు.

నడక అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి వెనకున్న చింతచెట్టు దగ్గర మొదలు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది దాకా ఆ కొమ్మలెక్కి బతికారని చెబుతారు. కొట్టుకుపోయినవాళ్ళు వేలల్లో. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆ వరదలోనే పోయారు, ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్ కట్టారు. ఇదంతా రెండు నిమిషాల్లో పట్టలేదు. చెరువు సంగతి కుదించాను గానీ ఆ కవి ఇంటి సంగతి తియ్యబుద్ధి కాలేదు.

నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి చకచకా దాటించేశాను. పొద్దున్నే వెళితే కొట్లు తెరవకముందు పత్తర్‌గట్టి రాతి తోరణాలు బాగా కనిపిస్తాయని ఒక్క మాట మాత్రం చెప్పాను.

నేను ఆగిపోయింది చార్మినార్ దగ్గరే. అక్కడ అందరూ భాగమతి కథ చెబుతారు. కులీ కుతుబ్ షా ప్రేమ, ఉప్పొంగిన మూసీ, ఆమె పేరున ఊరు. భాగ్‌నగర్ పేరు ఫెరిష్తా రాసిన మాట నిజమే. కానీ భాగమతి పేరున శాసనం గానీ సమాధి గానీ దొరకలేదు. చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వాణీ అయితే అది కథే అని తేల్చేశారు. కథ అందమైనదే, కాదనను. అందుకే "అని చెబుతారు" అని జోడించి అర నిమిషం ఇచ్చాను.

మిగతా ఒకటిన్నర నిమిషం హయాత్ బక్షీ బేగంది. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీకి కూతురు, తర్వాతి రాజుకి భార్య, ఆ తర్వాతి రాజుకి తల్లి. 1626లో భర్త పోయేసరికి కొడుకు అబ్దుల్లాకి పన్నెండేళ్ళు. రాజ్యం నడిపించింది ఆవిడే. 1656లో ఔరంగజేబు గోల్కొండని ముట్టడించినప్పుడు ఆ పెద్దావిడే కోట దాటి అతని శిబిరానికి వెళ్ళి రాయబారం నడిపింది. ఢిల్లీ నుంచి షాజహాన్ ఆజ్ఞ కూడా వచ్చి ముట్టడి ఆగింది. కోటి రూపాయల పరిహారంతో పాటు, ఆవిడ మనవరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్ళి చెయ్యాలన్నది కూడా షరతు.

ఆ చివరి వాక్యం రికార్డు చేసి తుడిపేశాను, మళ్ళీ చేశాను. మా పెద్ద మేనకోడలికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు మరి. వదిన పక్కనే ఉండి అదే మాట వింటుంది. ఆ పిల్లని ఎవరైనా అడిగారా అని మేనకోడలు తప్పకుండా అడుగుతుంది. అడగనీ. ఊరిని కాపాడిన నాయనమ్మ గురించి చెప్పి, ఆ సంధిలో లెక్కకెక్కిన పిల్లని దాచేస్తే అది సగం చరిత్రే కదండీ. వాక్యం ఉంచేశాను. హయాత్‌నగర్ బస్సు బోర్డు రోజూ చూసే మనలో ఎందరికి ఆ పేరు ఎవరిదో తెలుసు?

మీరూ ఇలా చేసుకుంటే శుక్రవారం వద్దు. చౌమహల్లా ప్యాలెస్‌కి సెలవు, మక్కా మసీదులో నమాజు రద్దీ. ఆడియోలు ముందే ఫోన్లోకి దించుకోండి, అక్కడి జనంలో సిగ్నల్‌ని నమ్ముకోలేం. ఒక్క చెవిలోనే పెట్టుకోండి, రెండో చెవి ఆటోల హారన్లకి కావాలి. సులువుగా విప్పే చెప్పులు, తలమీద వేసుకోవడానికి నూలు చున్నీ.

లాడ్ బజార్‌కి మాత్రం ఏమీ రికార్డు చెయ్యలేదు. లక్క గాజుల బేరం దగ్గర నా మాట ఎవరు వింటారు!