మన చెరువులో పడ్డది మార్పా, ఆఫ్రికా క్యాట్ ఫిషా?

ఎండాకాలం వల వేసినప్పుడు తూము మడుగులో నాలుగు కిలోల మీసాల చేప దొరికింది కదా, దాని మీద పంచాయితీ ఇంకా నడుస్తనే ఉంది. అది పాత మార్పే, నీళ్లు నిండుగా ఉండి పెరిగిందని పెద్దమనుషులు అంటున్నరు. నిషేధం ఉన్న క్యాట్ ఫిష్ అని సంఘం పిల్లలు అంటున్నరు. ఇది తేలాలంటే రెండు చేపల చరిత్ర కొంచెం తెలియాలె.

మార్పు మన నేలది. వానాకాలం వరి మడుల్లోకి నీళ్లు ఎక్కినప్పుడు గట్టు వార గుంత చేసుకుని గుడ్లు పెడతది, మగ చేప కాపలా కాస్తది. నీళ్లలోనే కాదు, పైకి వచ్చి గాలి కూడా పీలుస్తది కాబట్టి బురదలో కూడా బతుకుతది. మన చిన్నప్పుడు కోతల ముందు మడి నీళ్లు తీస్తే కాళ్లకు తగిలేది. ఇప్పటి పిల్లలకు చూపిద్దామంటే లేదు. మందులు కొట్టింది మనమే, అది వేరే ముచ్చట.

కంపెనీ కొలువు చేసిన డాక్టరు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో ఈ చేపకు మాగుర్ అని పేరు పెట్టిండు. బెంగాల్ వాళ్లు పిలిచే పేరే అది. చిత్రం ఏందంటే, సరిగ్గా అదే 1822లో బర్చెల్ అనే ఇంగ్లీషాయన దక్షిణాఫ్రికాలో తిరిగి వచ్చి, అక్కడి గారీప్ నది పేరు మీద ఇంకో చేపకు గారీపినస్ అని పేరు పెట్టిండు. ఆ గారీప్‌నే ఆరెంజ్ నది అంటరు. రెండు చేపలూ క్లారియస్ అనే ఒకే ఇంటిపేరువి. రెంటికీ నాలుగు జతల మీసాలే, రెండూ గాలి పీలుస్తయి. పుస్తకాల్లో ఒకే ఏడు పుట్టిన ఈ దాయాదులు ఒక చెరువులో కలవడానికి ఇంచుమించు 170 ఏండ్లు పట్టింది.

కలిపింది వరద కాదు, మనిషి. తొందరగా పెరుగుతది, ఏది వేసినా తింటది అని ఆఫ్రికా చేపను ఆసియా దేశాలు తెచ్చుకున్నయి. థాయ్‌లాండ్ నుంచి 1989లో బంగ్లాదేశ్‌కు వచ్చింది. అక్కడి నుంచి అనుమతి లేకుండా సరిహద్దు దాటి బెంగాల్‌లోకి, 1990ల్లోనే మన ఆంధ్ర గుంటల్లోకి. బెంగాల్‌లో దాన్ని థాయ్ మాగుర్ అని అమ్మిండ్రు, మన దగ్గర మార్పు అనే అంటగట్టిండ్రు. నన్నడిగితే ఈ చేప సగం ఆ పేరు చాటునే దేశంలో నిలబడ్డది. 1997లో కేంద్ర వ్యవసాయ శాఖ దీన్ని పెంచొద్దు, ఉన్నది నాశనం చేయండి అని రాష్ట్రాలకు చెప్పింది. అయినా కోళ్ల వ్యర్థాలు, కబేళా వ్యర్థాలు వేసి చాటుగా పెంచుతనే ఉన్నరు. మేత ఖర్చు లేదు కదా.

ఇది మనకొక్కరికే వచ్చిన తిప్పలు కాదు. మనవాళ్లు చాలామంది ఉండే అమెరికా వర్జీనియాలో బ్లూ క్యాట్ ఫిష్ అని ఒకటుంది. మిసిసిపీ నది వైపు చేప. గాలం వేసేటోళ్ల సరదా కోసం 1970ల్లో అక్కడి నదుల్లో సర్కారే వదిలింది. అది చెసపీక్ ఖాతం దాకా పాకింది. ఇప్పుడు పట్టుకుని తినండి అని జనాన్ని బతిమాలుతున్నరు.

ఇక మన చెరువు సంగతి. మార్పు కిలో దాటడమే అరుదు, నాలుగు కిలోలు కానే కాదు. మార్పు ఒంటి రంగు ఎరుపు కలిసిన గోధుమ, లేకుంటే నలుపు. మొన్నటి దానికి బూడిద రంగు మీద నల్ల మచ్చలు, పాలరాయి లెక్క. పొట్ట తెలుపు. కాబట్టి పిల్లలు చెప్పిందే నిజం. బజారులో ఫంగస్ అని అమ్మే పంగాస్ ఇంకోటి. దానికి రెండు జతల చిన్న మీసాలు, ఒళ్లు వెండి రంగు. దాని మీద ఈ నిషేధం లేదు, రెంటినీ కలపకండి.

మనది గొలుసుకట్టు చెరువు, అక్కడే వచ్చింది కష్టం. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు మనకే, మన మత్తడి కింద ఊరికి. పైన ఎవరో ఒకరు గుంటలో పెంచి, గట్టు తెగితే చాలు. తడి నేల మీద రాత్రిపూట పాకి కూడా పోతది. పెద్ద ఆడ చేప ఒక్క విడతకు పెట్టే గుడ్లు లక్ష దాటుతయి. సంఘం పోసుకునే బొచ్చె, రవ్వు పిల్లలు దానికి పలారం. బొచ్చె పిల్ల వేలెడు కూడా కాకముందే మాయమైతే కాంట్రాక్టరును తిట్టుకుంటున్నం, ఒకసారి మడుగులో కూడా చూడాలె.

మళ్ల వల వేసినప్పుడు ఇట్లాంటిది పడితే పాపం అని నీళ్లలోకి వదలొద్దు. గట్టు మీదనే చంపి, తల ఫొటో, బరువు రాసిపెట్టి, సంఘం తరఫున మత్స్యశాఖ ఆఫీసులో ఇద్దాం. పై ఊళ్ల చెరువుల్లో కూడా పడుతున్నదా, ఏ ఏడు నుంచి పడుతున్నదో తెలిసినోళ్లు కింద రాయండి. ఈ వానాకాలం మీ మడిలో అసలు మార్పు కనబడితే అది కూడా రాయండి, ఎక్కడ కనబడ్డదో.