చలివేళ బాతుల వేట: ఢిల్లీ పరిసరాలలో వేటగాని వేషం

పుష్యమాసపు తెల్లవారుజామున ఢిల్లీ చుట్టుపక్కల చెరువులను దట్టమైన పొగమంచు కప్పివేస్తుంది. ఉత్తరాసియా నుండి, మధ్యాసియా నుండి పర్వతాలు దాటి వచ్చిన బాతులు ఆ నీటిపై విశ్రమిస్తూ ఉంటాయి. మన కావ్యాలలో విరహానికి ప్రతీకగా నిలిచిన చక్రవాకం కూడా ఈ శీతకాలపు అతిథులలో ఒకటి. వీటిని వేటాడదలచినవానికి పూర్వం రెండు చిక్కులుండేవి: చలికి తాళుకోవాలి, పక్షి కంట పడకుండా ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరడం సులభం కాదు.

అక్బరు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ తన ‘ఐన్-ఇ-అక్బరీ’లో ఈ రెండింటినీ వేర్వేరు చోట్ల ప్రస్తావించాడు. వస్త్రాల ప్రకరణంలో ‘గదర్’ అనే అంగీ కనబడుతుంది. అది ఖబాకన్న వెడల్పు, పొడవు కలది. లోపల దూది ఎక్కువ. హిందుస్థానంలో బొచ్చుకోటు స్థానాన్ని అదే తీర్చేదట. వేట ప్రకరణంలోని వేషం ఇంకా విచిత్రమైనది. నీటిపక్షి చర్మాన్ని రెక్కలు, ముక్కు, తోకలతో సహా బోలుగా నిలిపి, చూపు కోసం రెండు రంధ్రాలు చేసేవారు. వేటగాడు దానిలో తల దూర్చి, మెడలోతు నీటిలో మెల్లగా పక్షుల నడుమకు చేరి, ఒక్కొక్కదానినే నీటి అడుగుకు లాగేవాడు. దేశంలో పలుచోట్ల పక్షిచర్మానికి బదులు మట్టికుండ వాడేవారు. మెడలోతు నీటిలో దిగినవాడు పాదుషా కాడని వేరే చెప్పనక్కరలేదు. దూది అంగీ గట్టుమీదివారికే పనికివస్తుంది. తడిస్తే బరువెక్కుతుంది, వెచ్చదనం పోతుంది. ఉన్ని అలా కాదు. తన బరువులో సుమారు మూడవ వంతు తేమను పీల్చుకొని కూడా కొంత వెచ్చదనాన్ని నిలుపుకొంటుంది.

తుపాకి వచ్చిన తరువాత దాగవలసిన అవసరం తగ్గలేదు, దాగే పద్ధతి మారింది. బాతుల చూపు బహు నిశితం. వాటికి రంగులు కూడా తెలుస్తాయి. తెల్లని దుస్తులు వేటకు శత్రువులు. ధూళి అనే అర్థంగల పారసీక పదం నుండి పుట్టిన ‘ఖాకీ’ ఇక్కడ అక్కరకు వచ్చింది. 1846లో పెషావరులో లమ్స్‌డెన్ నెలకొల్పిన గైడ్స్ దళం ఆ రంగును సైన్యంలో ప్రవేశపెట్టింది. 1857లో సిపాయీలతో పోరిన ఆంగ్ల సైనికులు పలువురు తమ తెల్లని దుస్తులకు మట్టిరంగు అద్దుకొన్నారు. రణరంగపు రంగు వేటగాళ్లకు కూడా చేరింది. పిక్కలకు చుట్టే ఉన్ని ‘పట్టీ’ మన దేశపు మాటతోనే ఆంగ్ల నిఘంటువులకెక్కింది. 1823లో మాకింటాష్ పేటెంటు పొందిన రబ్బరు వస్త్రం నీటిని ఆపింది గాని, చెమటను కూడా లోపలే ఆపింది. ఈ లోపం దొరలను కొంత బాధించే ఉంటుంది.

ఈ వేడుకకు పరాకాష్ఠ భరత్‌పూర్. 2013లో జాతీయ రాజధాని ప్రాంతంలో చేరిన ఆ జిల్లాలోని కేవలాదేవ్ చిత్తడినేలలో 1938 నవంబరు 12న, వైస్రాయి లిన్‌లిత్‌గో విచ్చేసిన సందర్భంలో, ఒక్కరోజున 4,273 పక్షులను కూల్చారు. అక్కడి శిలలపై తేదీ, అతిథి, తుపాకుల సంఖ్య, పక్షుల సంఖ్య చెక్కబడి ఉన్నాయి. నీటిలో దిగి పక్షులను ఏరి తెచ్చినవారి పేర్లు గాని, వారు ఏమి కట్టుకొన్నారన్నది గాని ఆ రాతల్లో లేవు. వేషభూషల చరిత్ర వ్రాసేవారికి ఇది నిజమైన లోటు. అంగీలు దాచిన సంగ్రహాలయాలున్నాయి. తడిసిన అంగవస్త్రాన్ని ఎవరు దాస్తారు?

1971లో గుర్‌గావ్ సమీపపు సుల్తాన్‌పూర్ చెరువు పక్షుల సంరక్షణాలయమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతిపత్రాలపై కొంత వేటకు తావిచ్చినా, 1991 సవరణ ఆ ద్వారాన్ని మూసివేసింది. 1985లోనే కేవలాదేవ్ ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. శీతకాలపు ఉదయాన ఆ గట్లపై నేడు బైనాక్యులర్లు పట్టుకొన్న సందర్శకులు నిలబడి ఉంటారు. వారిలో పలువురు వేసుకొన్నది మాత్రం మట్టిరంగు కోటు, ఉన్ని టోపీ.