సోలార్ ప్లాంటుకు పొలం కౌలుకిస్తున్నారా? ముందు కరెంటు లెక్క తెలుసుకోండి

బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మెట్ట భూములున్న రైతులూ, సోలార్ ప్లాంటుకు పొలం ఇస్తే ఒప్పందం సాధారణంగా 25 ఏళ్లకు పైనే ఉంటుంది. ఆ ప్లాంటు ఎంత కరెంటు ఇస్తుందో తెలిస్తేనే కౌలు బేరం సరిగా ఆడగలరు.

మనకు దగ్గర్లో నంబులపూలకుంట వద్ద ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు 2016లో మొదలైంది. గని, శకునాల గ్రామాల వద్ద 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు సుమారు 5,900 ఎకరాల్లో ఉంది.

ఎలా పనిచేస్తుంది?
పలకల మీద ఎండ పడితే డీసీ కరెంటు పుడుతుంది. ఇన్వర్టర్లు దాన్ని ఏసీగా మారుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లు వోల్టేజి పెంచి గ్రిడ్‌కు పంపుతాయి.

ఎంత ఇస్తుంది?
ఒక మెగావాట్‌కు సుమారు 5 ఎకరాలు కావాలి. రాత్రి, మబ్బు పోగా ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు వస్తాయి. అంటే ఎకరాకు 3 లక్షల పైచిలుకు. 2017లో కడప సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర రూ.3.15 పలికింది. ఆ లెక్కన ఎకరా మీద ఏటా అమ్మే కరెంటు విలువ దాదాపు రూ.10 లక్షలు. ఇదంతా లాభం కాదు. పెట్టుబడి, వడ్డీ, నిర్వహణ ఇందులోంచే పోవాలి. అయినా మీకిచ్చే కౌలును ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

ఉత్పత్తి ఎందుకు తగ్గుతుంది?
- వేడి: పలక వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. ఎండ కావాలి గాని వేడి పనికిరాదు. హార్స్‌లీ హిల్స్ చుట్టుపక్కల మెరకలో ఉన్న చల్లటి పొలాలకు ఇది అనుకూలమే. బేరంలో ఈ మాట చెప్పండి.
- దుమ్ము: పలకలు కడగాలి. ఉప్పునీళ్లయితే తెల్లటి పొర కడుతుంది.
- నీడ: ఒక పలక మీద నీడ పడినా దానితో కలిపిన వరుసంతా తగ్గుతుంది. అందుకే గట్ల మీది చెట్లు కొట్టమంటారు.
- వయసు: ఏటా అర శాతం అటూఇటూ తగ్గుతుంది.

సంతకానికి ముందు
- కౌలు ఎకరాకు ఇంత అని ఖాయంగా రాయించుకోండి. కరెంటు తగ్గిందని కౌలు తగ్గించే షరతు ఒప్పుకోవద్దు.
- ఎన్నేళ్లకొకసారి ఎంత శాతం పెంచుతారో రాయించండి.
- కడిగే నీళ్లు ఎక్కడివో అడగండి. మీ బోర్ల పక్కన కొత్త బోరు వేస్తే నష్టపోయేది మీరూ, పక్క రైతులూ.
- వాననీరు పారే వంకలు పూడ్చకూడదని రాయించండి.
- గడువు తీరాక ఇనుము, కాంక్రీటు తీసేసి పొలం అప్పగించాలని, ఆ ఖర్చు వారిదేనని ఉండాలి.
- ఏడాదికి మించిన కౌలు పత్రం రిజిస్టర్ కావాలి. తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు.
- పొలం మీద పంట రుణం ఉంటే ముందు బ్యాంకులో మాట్లాడండి.

బోరులో నీళ్లుండి టమాటా పండే చెలకను ఇవ్వకండి. రాళ్ల మెట్ట ఉంటే దాని గురించే మాట్లాడండి.