మళ్లీ వచ్చే అతిథి కోసం

డిసెంబర్ చివరి వారం వచ్చిందంటే అమెరికాలో మన కన్సల్టెంట్ల ఇళ్లలో హోటల్ రాత్రుల లెక్క మొదలవుతుంది. సోమవారం తెల్లవారుజామున ఫ్లైటెక్కి క్లయింట్ ఊరికి వెళ్లడం, గురువారం రాత్రికి ఇల్లు చేరడం వాళ్ల ఉద్యోగం. అంటే వారానికి మూడు రాత్రులు హోటల్లోనే. మారియట్ హోటళ్ల సభ్యత్వ పద్ధతిలో ఏడాదికి 10 రాత్రులుంటే సిల్వర్, 25 ఉంటే గోల్డ్, 50కి ప్లాటినం, 75కి టైటానియం. వారానికి మూడు చొప్పున పదిహేడు వారాలు తిరిగితే ప్లాటినం చేతికొస్తుంది. డిసెంబర్ 31తో ఆ ఏటి లెక్క మూసేస్తారు, జనవరి 1న మళ్లీ సున్నా నుంచి ఎత్తుకోవాలి. అందుకే 48 దగ్గర ఆగిపోయినవాళ్లు నెలాఖరులో ఇంటికి దగ్గర్లోనే ఓ చవక హోటల్ చూసుకుని రెండు రాత్రులు గది తీసుకుంటారు.

ఇంతా చేస్తే దక్కేదేమిటి? షికాగో, అట్లాంటా లాంటి నగరాల నడిబొడ్డున ఉన్న పెద్ద హోటల్‌కు వెళ్తే సభ్యులకు క్యూ వేరు. ఖాళీ ఉంటే కట్టిన ధరకే పై అంతస్తులో ఇంకాస్త పెద్ద గది ఇస్తారు. వీలునుబట్టి సాయంత్రం నాలుగింటి దాకా గది ఖాళీ చేయనక్కర్లేదు. లాంజ్ ఉన్నచోట పొద్దున టిఫిన్, సాయంత్రం చిరుతిళ్లు. వీటన్నిటికంటే ముందు, రిసెప్షన్‌లోని అమ్మాయి పేరు పెట్టి పలకరిస్తుంది, మళ్లీ మా దగ్గరికే వచ్చినందుకు సంతోషం అంటుంది. ఇంటికి వేల మైళ్ల దూరంలో, మంచు కురిసే రాత్రి పెట్టె ఈడ్చుకుంటూ వచ్చిన మనిషికి ఆ పలకరింపు చిన్నదేమీ కాదు. ఆ ఒక్క మాట వెనక రెండు వేల ఏళ్లకు పైబడిన కథ ఉంది.

తెలిసిన అతిథికి గుర్తు ఇచ్చి పంపడం రోమన్ల కాలం నాటికే ఆచారం. టెసెరా హాస్పిటాలిస్ అనే ఆ గుర్తును రెండు ముక్కలు చేసి, ఒకటి ఆతిథ్యమిచ్చిన ఇంట్లో ఉంచుకుని, రెండోది అతిథికి ఇచ్చేవారు. మళ్లీ వచ్చినప్పుడు రెండు ముక్కలూ అతికితే చాలు, తలుపు తెరవాల్సిందే. తాతలు మార్చుకున్న ముక్క మనవలకూ పనికొచ్చేది. స్పెయిన్‌లో జంతువుల ఆకారంలో, కలిపిన చేతుల ఆకారంలో పోతపోసిన కంచు బిళ్లలు దొరికాయి. సభ్యత్వ కార్డుకు ఇంతకంటే అందమైన పూర్వరూపం నాకు కనబడలేదు.

ఆ తర్వాత శతాబ్దాల పాటు బాటసారులు ఎక్కడెక్కడ తలదాచుకున్నారో, ఎవరు ఎవరిని గుర్తుపెట్టుకున్నారో చెప్పే రాతలు తక్కువ. మన వైపు ఆ వివరాలకు పెన్నిధి ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ దాకా వెళ్లివచ్చిన ఆయన, దారిలో తగిలిన ఊళ్లనూ సత్రాలనూ రాసి పెట్టారు. సత్రంలో డబ్బు అడగరు. మొదటిసారి వచ్చినవాడికీ పదోసారి వచ్చినవాడికీ తేడా ఉండదు. కులం తేడా మాత్రం చాలాచోట్ల ఉండేది, అది దాచాల్సిన సంగతి కాదు. వీరాస్వామయ్య బయల్దేరడానికి కొద్ది నెలల ముందు, 1829 అక్టోబర్‌లో బోస్టన్‌లో ట్రెమాంట్ హౌస్ తెరిచారు. గదికో తాళం, గదిలో సబ్బు, భవనం లోపలే నీటి వసతి. ఆధునిక హోటల్ అక్కడ మొదలైందని చరిత్రకారులు చెబుతారు. ఆ శతాబ్దం చివర్లో స్విట్జర్లాండ్ రైతుబిడ్డ సీజర్ రిట్జ్ లండన్ సావోయ్‌ని నడిపి, 1898లో పారిస్‌లో తన పేరుతో హోటల్ పెట్టాడు. ఏ అతిథికి ఏది ఇష్టమో గుర్తుంచుకోవడంలో ఆయన్ను మించినవారు లేరు. అయితే ఆ జ్ఞాపకమంతా రాజులకూ కోటీశ్వరులకూ అంకితం.

మామూలు మనిషిని, అంటే సంచి పట్టుకుని ఊరూరూ తిరిగే సేల్స్‌మన్‌ను, పెద్ద హోటల్ గడప ఎక్కించి గౌరవించినవాడు ఎల్స్‌వర్త్ స్టాట్లర్. ఆయన గురించి తీరిగ్గా చెప్పుకోవాలి.

స్టాట్లర్ 1863లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. తొమ్మిదేళ్లకే వీలింగ్ దగ్గర్లోని గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనికి కుదిరాడు. పదమూడో ఏట ఆ సెగ నుంచి బయటపడి, వీలింగ్‌లోని మెక్‌ల్యూర్ హౌస్ హోటల్లో బెల్‌బాయ్‌గా చేరాడు. ఆ రోజుల్లో బెల్‌బాయ్ అంటే పెట్టెలు మోసి ఊరుకుంటే సరిపోదు. గదుల్లో కుళాయిలుండవు కాబట్టి గంట మోగినప్పుడల్లా నీళ్ల కూజాతో మెట్లెక్కాలి. అతిథికి ఎప్పుడు ఏం కావాలో, దేనికి విసుగొస్తుందో ఆ పిల్లవాడు మెట్ల మీదే నేర్చుకున్నాడు. హెడ్ బెల్‌బాయ్ అయ్యాడు, తర్వాత గుమాస్తా అయ్యాడు. హోటల్లోని బిలియర్డ్స్ గదిని, రైలు టికెట్ల కౌంటర్‌ను సొంతంగా నడిపాడు. కూడబెట్టిన డబ్బుతో బఫలో నగరానికి మారి రెస్టారెంట్ పెట్టాడు.

1901లో బఫలోలో పాన్ అమెరికన్ ఎక్స్‌పొజిషన్ జరిగింది. సందర్శకుల కోసం స్టాట్లర్ రెండు వేలకు పైగా గదులతో తాత్కాలిక హోటల్ కట్టాడు. అనుకున్నంత జనం రాలేదు. సెప్టెంబర్‌లో అదే ప్రదర్శనలో అధ్యక్షుడు మెకిన్లీపై కాల్పులు జరిగాయి, కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. ఇంకొకరైతే హోటల్ వ్యాపారానికి దణ్ణం పెట్టేవారు. స్టాట్లర్ 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి, ఈసారి ప్రదర్శన ఆవరణ లోపలే ఇంకా పెద్ద తాత్కాలిక హోటల్ కట్టి లాభం కళ్లజూశాడు. శాశ్వతమైన హోటల్‌కు ధైర్యం అక్కడ వచ్చింది.

1908 జనవరిలో బఫలోలో మొదటి స్టాట్లర్ హోటల్ తెరుచుకుంది. గదులు 300, స్నానాల గదులూ 300. గది, స్నానాల గది కలిపి ఒకటిన్నర డాలరు అని ప్రకటన ఇచ్చాడు. అప్పటికి మంచి హోటళ్లలో కూడా వరండా చివర ఉమ్మడి స్నానాల గదే గతి. సొంత స్నానాల గది సంపన్నులు అద్దెకు తీసుకునే పెద్ద గదులకే ఉండేది. అంత తక్కువ ధరకు అందరికీ ఎలా ఇచ్చాడంటే, రెండు గదుల స్నానాల గదులను వీపు వీపు ఆనించి కట్టి, మధ్యలో ఓ నిలువు సందు వదిలి, కింది నుంచి పై అంతస్తు దాకా పైపులన్నీ అందులోంచే తీసుకెళ్లాడు. పైపు ఖర్చు తగ్గింది, మరమ్మతుకు గోడ పగలగొట్టే పని తప్పింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ పక్కనుండే పైపుల డక్ట్ చూడండి, అదే కుటుంబం.

ఆ గదిలోకి అడుగుపెడదాం. తలుపు తీయగానే చెయ్యి పడేచోట లైటు స్విచ్, ఇక చీకట్లో తడుముకోనక్కర్లేదు. తాళం చెవి రంధ్రం పిడికి పైన ఉంటుంది, కింద ఉంటే పిడి అడ్డొచ్చి కనబడదు కాబట్టి. గదికో ఫోన్. నిలువెత్తు అద్దం. ప్రత్యేకంగా ఓ గొట్టంలోంచి చల్లటి ఐసు నీళ్లు. పొద్దున తలుపు కిందుగా ఉచిత దినపత్రిక. చిన్నప్పుడు కూజా మోసిన చేతులు ఆ ఐసు నీళ్ల గొట్టాన్ని పెట్టించాయని తలచుకున్నప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. ప్రతి ఉద్యోగికీ సేవా నియమావళి ఇచ్చాడు. అతిథితో వాదనకు దిగే హక్కు ఏ ఉద్యోగికీ లేదన్నది అందులో ముఖ్యమైన మాట.

క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, సెయింట్ లూయిస్... స్టాట్లర్ పేరు ఊరూరా వెలిసింది. ఒక ఊళ్లో బాగుందని మెచ్చిన సేల్స్‌మన్ రెండో ఊళ్లో ఆ పేరే వెతుక్కున్నాడు. గొలుసు హోటల్ పట్ల అభిమానం అంటే అదే. 1919లో న్యూయార్క్ పెన్సిల్వేనియా స్టేషన్ ఎదురుగా 2,200 గదుల హోటల్ పెన్సిల్వేనియా తెరిచినప్పుడు నిర్వహణ ఆయనదే. ప్రపంచంలో అప్పటికి అదే అతి పెద్ద హోటల్. అక్కడి గది తలుపుల్లో సర్విడార్ అనే ఏర్పాటు ఉండేది. తలుపు మందంలోనే చిన్న అర. లోపలి వైపు ఓ మూత, బయటి వైపు ఓ మూత. రాత్రి నలిగిన కోటు లోపలి నుంచి తగిలిస్తే, పనివాడు బయటి మూత తీసి పట్టుకెళ్లి, ఇస్త్రీ చేసి మళ్లీ అక్కడే పెడతాడు. అతిథి నిద్ర చెడదు. తెల్లారి మీటింగ్‌కు వెళ్లాల్సిన సేల్స్‌మన్‌కు అంతకంటే ఏం కావాలి?

స్టాట్లర్ 1928లో కన్నుమూశాడు. ఆయన హోటళ్లను 1954లో కాన్రాడ్ హిల్టన్ 11 కోట్ల 10 లక్షల డాలర్లకు కొన్నాడు. అప్పటికి స్థిరాస్తి వ్యాపారంలో అంత పెద్ద బేరం లేదు.

ఇక్కడి నుంచి కథ అంత సాఫీగా సాగదు. 1952లో మెంఫిస్‌లో కెమన్స్ విల్సన్ మొదటి హాలిడే ఇన్ తెరిచాడు, జనం కార్లలో ఊరి బయటి హోటళ్లకు మళ్లారు. 1978లో అమెరికా విమాన రంగం మీద ప్రభుత్వ నియంత్రణ సడలింది. పోటీ తట్టుకోవడానికి 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తిరిగిన మైళ్లకు ఉచిత టికెట్లిచ్చే పథకం పెట్టింది. హోటళ్లూ అదే దారి పట్టాయి. 1983లో హాలిడే ఇన్, అదే ఏడాది మారియట్, బసకు పాయింట్లిచ్చి వాటితో ఉచితంగా గది ఇచ్చే పథకాలు మొదలుపెట్టాయి. 1987లో హిల్టన్, హయత్ చేరాయి. 1999లో స్టార్‌వుడ్ హోటళ్ల సంస్థ ఏ పండగ రోజునైనా, మామూలు గది ఖాళీ ఉంటే పాయింట్లకు ఇస్తామంది.

ఈ పథకాల ఆయువుపట్టు ఒక్కటే. బిల్లు కట్టేది కంపెనీ, పాయింట్లు వెళ్లేది మనిషి ఖాతాకు. హోటల్ ఎంచుకునేది కూడా ఆ మనిషే. సభ్యుడు దిగిన ప్రతిసారీ హోటల్ యజమాని బిల్లులో కొంత వాటా పథకానికి చెల్లిస్తాడు. పాయింట్లతో ఎవరైనా వస్తే పథకం ఆ యజమానికి కొంత తిరిగిస్తుంది.

1990ల్లో వై2కే కంప్యూటర్ పనుల మీద అమెరికా వెళ్లిన మన కుర్రాళ్లకు ఈ సంగతి త్వరగానే అర్థమైంది. కంపెనీ డబ్బుతో గడిపిన ఒంటరి రాత్రులు పాయింట్లయ్యాయి. అమ్మానాన్నలు వేసవికి వచ్చినప్పుడు వాషింగ్టన్, న్యూయార్క్, నయాగరా తిప్పిన ఖర్చులో హోటల్ బిల్లు తగ్గింది. జీవితంలో బస్టాండ్ పక్క లాడ్జి తప్ప ఎరగని తండ్రి ఇరవయ్యో అంతస్తులో కిటికీ తెర తీసి నగరాన్ని చూశాడంటే అందులో ఈ పాయింట్ల పాత్ర ఉంది. ఇది మంచి పని అని నేను నమ్ముతాను. హైదరాబాద్ వచ్చినప్పుడు హుస్సేన్‌సాగర్ ఒడ్డున మారియట్‌లో పాయింట్లతో దిగి, బంధువులను అక్కడికే భోజనానికి పిలిచే కుటుంబాలూ ఉన్నాయి.

కానీ స్టాట్లర్ అందరికీ ఒకే గౌరవం అన్నచోట ఇప్పుడు మెట్లు వచ్చాయి. 2016లో మారియట్ స్టార్‌వుడ్‌ను కొని, పథకాలన్నీ కలిపి, 2019లో దానికి బాన్వాయ్ అని పేరు పెట్టింది. సభ్యులు 20 కోట్లు దాటారు. కొన్ని క్రెడిట్ కార్డులు తీసుకుంటే ఒక్క రాత్రీ ఉండకుండానే గోల్డ్, ప్లాటినం వచ్చేస్తాయి. గౌరవం ఇంతమందికి పంచితే ఎవరి వాటా ఎంత? 2018 నవంబర్‌లో స్టార్‌వుడ్ రిజర్వేషన్ల నుంచి కోట్లాది అతిథుల వివరాలు దొంగల పాలైనట్టు బయటపడింది. అతిథిని గుర్తుంచుకోవడానికి పెట్టిన పుస్తకమే అతిథికి ముప్పు తెచ్చింది. 2020లో కోవిడ్‌కు గదులన్నీ ఖాళీ అయినప్పుడు హిల్టన్ వంద కోట్ల డాలర్ల పాయింట్లను అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు ముందుగానే అమ్మి నగదు తెచ్చుకుంది. మారియట్ కూడా బ్యాంకుల నుంచి అలాగే 92 కోట్ల డాలర్లు రాబట్టింది. గదిలో మనిషి లేకపోయినా పాయింటుకు విలువ ఉందన్నమాట.

హోటల్ పెన్సిల్వేనియా కూడా ఆ ఏడాదే మూతపడింది, 2023కల్లా పూర్తిగా కూల్చేశారు. బఫలోలోని మొదటి స్టాట్లర్ 1968లోనే పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు బేస్‌బాల్ మైదానం ఉంది. నయాగరా చూడటానికి బఫలో మీదుగా వెళ్లే మన కుటుంబాలు ఓ పావుగంట ఆగి ఆ వీధిలో నడిస్తే బాగుంటుంది.

పాయింట్లున్నవారికి ఒక మాట. 2022 మార్చిలో మారియట్ స్థిరమైన పాయింట్ల పట్టికను ఎత్తేసింది, ఇప్పుడు గదికి పట్టే పాయింట్లు రోజును బట్టి మారతాయి. హిల్టన్ ఆ పని 2017లోనే చేసింది. పాయింట్లకు వడ్డీ రాదు, రేపు వాటి విలువ ఎంతో కంపెనీ చేతిలో ఉంటుంది. మారియట్‌లో వరసగా 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే అన్నీ రద్దవుతాయి. కాబట్టి పదేళ్లు దాచి ఎప్పుడో వాడదామనుకోకండి. అమ్మానాన్నలు నడవగలిగినప్పుడే వాళ్లను తీసుకెళ్లండి.